గళ్ళ బట్టకు ఆనవాలు పట్టడం

బెంగళూరు చిక్కపేట సందుల్లోనూ, ఎగుమతికి పోగా మిగిలిన దుస్తులు అమ్మే కమర్షియల్ స్ట్రీట్ పరిసరాల అంగళ్ళలోనూ గళ్ళ బట్టకు కొదవ ఉండదు. బడిపిల్లల యూనిఫారం స్కర్టులు, పొడుగు చేతుల చొక్కాలు, చలికాలపు మఫ్లర్లు, కంటోన్మెంటు వైపు పాత ఇళ్ళ ట్రంకు పెట్టెలలోనుంచి బయటపడే ఉన్ని దుప్పట్లు, ఇవన్నీ నిలువు చారలూ అడ్డ చారలూ ఒకదానినొకటి దాటుకుంటూ పోగా ఏర్పడిన గళ్ళతో నిండి ఉంటాయి. వీటిలో స్కాట్లండు దేశపు టార్టన్ అనదగినవి ఏవి, చెన్నపట్నం పేరుతో లోకమంతా తిరిగిన మద్రాసు గళ్ళు ఏవి, ఏ వంశానికీ ఏ ఊరికీ చెందక కేవలం మిల్లులో డిజైనరు గీసిన గీతతో పుట్టినవి ఏవి అన్నది తేల్చుకోవడానికి చాలామంది మొట్టమొదట ఆధారపడేది రంగుల మీదనే. ఎరుపు మీద ఆకుపచ్చ, మధ్యలో సన్నని పసుపు గీత, ఇది ఏ టార్టన్ అన్న రూపంలోనే ఈ ప్రశ్న ఎప్పుడూ వినిపిస్తుంది. రంగు ముందుగా కంటబడుతుందన్నది నిజమే కాని, గళ్ళ బట్ట విషయంలో తేలికగా మోసం చేసేది కూడా అదే. రంగులు ఏ వరుసలో వచ్చాయో, ఒక్కొక్క రంగుకు ఎన్ని పోగులు దక్కాయో లెక్క చూచిన తరువాతనే రంగు చెప్పే మాటను నమ్మవచ్చు.

టార్టన్ అంటే ఏమిటో ముందుగా తెలుసుకోవడం అవసరం. రెండు గాని అంతకు మించి గాని రంగుల చారలు నిలువునా అడ్డంగా కలిసి, మళ్ళీ మళ్ళీ పునరావృతమయ్యే గళ్ళుగా ఏర్పడిన, మగ్గం మీద నేయడానికి వీలైన నమూనాను టార్టన్ అంటారని స్కాట్లండు పార్లమెంటు 2008లో చేసిన చట్టం నిర్వచించింది. ఆ చట్టం ప్రకారం ఏర్పడిన స్కాటిష్ టార్టన్ రిజిస్టరు 2009 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. వేల సంఖ్యలో నమూనాలు నమోదైన ఆ రిజిస్టరులో పేరును బట్టి మాత్రమే కాక రంగులను బట్టి కూడా వెదికే సౌకర్యం ఉన్నది. అయితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు అన్న నాలుగు రంగులు చెప్పి వెదికితే వచ్చే జాబితా చూచి ఎవరైనా నీరసించవలసిందే, ఎందుకంటే స్కాట్లండు టార్టన్‌లలో అత్యధిక భాగం ఆ కొద్ది రంగుల కూర్పులే.

చిక్కు అసలు మగ్గం మీదనే మొదలవుతుంది. మగ్గం మీద పొడుగునా సాగి ఉండే దారాలను పడుగు అనీ, వాటి మధ్యగా అడ్డంగా నాడె వేసే దారాలను పేక అనీ నేతగాళ్ళు వ్యవహరిస్తారు. టార్టన్‌లో పడుగు ఏ రంగుల వరుసలో ఉంటుందో సాధారణంగా పేక కూడా అదే వరుసలో, అదే లెక్కతో నడుస్తుంది. నీలం పడుగును నీలం పేక దాటిన చోట స్వచ్ఛమైన నీలపు గడి వస్తుంది. నీలం పడుగును ఆకుపచ్చ పేక దాటిన చోట రెండూ కానటువంటి మూడో ఛాయ కనబడుతుంది. తెలుగునాట పట్టుచీరలు కట్టేవారికి ఇది కొత్త సంగతి కాదు. నెమలికంఠం రంగు చీరలో ఆ రంగు అద్దిన దారం ఒక్కటీ ఉండకపోవచ్చునని, నీలం పడుగూ ఆకుపచ్చ పేకా కలిసి ఆ మెరుపును ఇస్తాయని దుకాణంలో చీర మడత విప్పి చూపే ప్రతి గుమాస్తాకూ తెలుసు. టార్టన్‌లో ఇదే విషయం లెక్కకు లొంగుతుంది: మూడు రంగుల దారాలు వాడితే మూడు కలగలుపు ఛాయలు పుట్టి మొత్తం ఆరు కనిపిస్తాయి, ఆరు రంగులు వాడితే పదిహేను కలగలుపు ఛాయలు పుట్టి మొత్తం ఇరవై ఒకటి కనిపిస్తాయి. కంటికి కనబడిన ప్రతి ఛాయనూ ఒక రంగుగా రాసుకున్నవాడు ఆరు దారాల బట్టను ఇరవై ఒక్క రంగుల బట్టగా వర్ణించి, రిజిస్టరులో ఎక్కడా దొరకని వస్తువును వెదుకుతూ కూర్చుంటాడు.

కనుక రంగులు లెక్కపెట్టవలసినది బట్ట ముఖం మీద కాదు, దారంలో. మఫ్లరు అయితే కుచ్చుల దగ్గరా, చొక్కా అయితే లోపలి కుట్టు మడతలోనూ ఒక్కొక్క పోగును సూదిమొనతో విడదీసి తెల్లకాగితం మీద పరిచి చూస్తే నిజంగా ఎన్ని రంగుల దారాలు వాడారో తేలుతుంది. అంతవరకు వీలు కాని చోట, ఒకే రంగు పడుగూ ఒకే రంగు పేకా కలిసిన గళ్ళు బట్ట మీద ఐమూలగా మెట్లు దిగినట్టు ఒక వరుసలో ఉంటాయి కాబట్టి, ఆ ఐమూల వరుసను మాత్రమే చదివి తక్కిన గళ్ళను వదిలివేయవచ్చు.

దారాల సంగతి తేలిన తరువాత నేతను చూడాలి. అసలైన ఉన్ని టార్టన్ సాధారణంగా ట్విల్ నేతలో ఉంటుంది, అంటే పేక పోగు రెండు పడుగు పోగుల మీదుగా, రెండింటి కిందుగా సాగుతూ, వరుస వరుసకూ ఒక పోగు పక్కకు జరగడం వల్ల బట్టంతా సన్నని ఏటవాలు గీతలు కనబడతాయి. మద్రాసు గళ్ళు సాదా నేత, ఒకటి మీద ఒకటి కింద. అందువల్ల కలగలుపు ఛాయ వచ్చిన చోట ఏటవాలు గీత కాక, ఆవాలు చల్లినట్టు చిన్న చిన్న చుక్కలు కనబడతాయి. పైగా మద్రాసు గళ్ళలో పడుగు వరుసా పేక వరుసా ఒక్కటి కావలసిన నియమం లేదు. చిక్కపేటలో టార్టన్ పేరుతో అమ్ముడుపోయే నూలు చొక్కా గుడ్డలలో ఈ ఒక్క పరీక్షకే నిలబడనివి ఎక్కువ. అద్దకపు యంత్రంతో గళ్ళను ముద్రించిన బట్టల మాట ఎత్తనవసరమే లేదు. తిరగేసి చూస్తే వెనుకవైపు వెలవెలబోవడమే వాటి గుర్తు.

ఇక వరుస. టార్టన్‌లో ఒకసారి పూర్తిగా వచ్చి మళ్ళీ మొదలయ్యే రంగుల క్రమాన్ని సెట్ అంటారు. ఎక్కువ టార్టన్‌లలో ఈ సెట్ ఒక చివరికి చేరి, అక్కడినుంచి వచ్చిన దారినే వెనుదిరుగుతుంది. తెనాలి రామకృష్ణుని బిరుదైన వికటకవి అన్న మాట ఎటునుంచి చదివినా ఒకేలా ఉండి, మధ్యలోని ట అక్షరం ఒక్కసారే వచ్చినట్టు, సెట్‌లోనూ మలుపు దగ్గరి రంగు రెట్టింపు కాకుండా ఒక్కసారే వస్తుంది. రెండు మలుపులకు మధ్యనున్న భాగాన్ని మాత్రమే, రంగు పేరుకు గుర్తుగా ఒక ఇంగ్లీషు అక్షరమూ పోగుల సంఖ్యా వేసి రాయడం రివాజు. నీలానికి 'బి' పోయింది కాబట్టి నలుపుకు 'కె' వాడతారు. ఆ అంకెల వరుసే పోగుల లెక్క; ఒక టార్టన్‌కు అసలైన గుర్తింపు అదే. కోరమండల తీరపు తెలుగు నేతగాళ్ళకు కూడా బట్టను పోగుల లెక్కతో పిలవడం పాత అలవాటేనని ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు: నియమిత సంఖ్యలో పడుగు పోగుల కట్టకు పుంజం అని పేరు పెట్టి, ఇన్ని పుంజాల బట్ట అంటూ ఈస్టిండియా కంపెనీ వర్తకులకు అమ్మేవారు, కంపెనీ లెక్కల పుస్తకాలలో ఆ తెలుగు మాట అలాగే చేరిపోయింది.

వరుస ఎంత ముఖ్యమో తెలియడానికి నీలం, నలుపు, ఆకుపచ్చ రంగుల కుటుంబం ఒక్కటి చాలు. బ్లాక్ వాచ్ అని పేరుబడిన, స్కాట్లండు ఉత్తర పర్వత సీమ అయిన హైలాండ్‌కు చెందిన 42వ పటాలం ధరించిన ముదురు రంగుల నమూనా ఇందులో మూలం. దానినే ప్రభుత్వ టార్టన్ అని కూడా అంటారు. ఆకుపచ్చ పట్టీ నడుమ సన్నని పసుపు గీత వేస్తే అది గార్డన్ వంశపు టార్టన్. ఆకుపచ్చలో తెల్లగీత, నీలంలో ఎర్రగీత వేస్తే మెకంజీ. పసుపూ తెలుపూ గీతలు మార్చి మార్చి వేస్తే ఆర్గైల్ క్యాంబెల్. ఆకుపచ్చలో తెల్లగీత ఒక్కటే ఉండి, దానికి రెండు పక్కలా కాపలా కాసినట్టు సన్నని నల్లగీతలు ఉంటే ఫోర్బ్స్, ఆ నల్లగీతలు లేకపోతే లామాంట్. ఫోర్బ్స్‌కూ లామాంట్‌కూ రంగుల జాబితా ఒక్కటే, ఒక్క రంగూ తేడా లేదు. భేదమంతా రెండు నల్లని వెంట్రుక గీతలలోనే ఉన్నది.

ఉదాహరణకు ఎగుమతి మిగులు దుకాణంలో చేరిన ఒక ఉన్ని మఫ్లరును ఊహించుకోవచ్చు. లేబులు కత్తిరించి ఉన్నది. ముందు చూపుకు ముదురు నీలం, ఆకుపచ్చ, నలుపు, తెలుపు, లేత నీలం, లేత ఆకుపచ్చ అని ఆరు రంగులు లెక్కకు వస్తాయి. కుచ్చు విప్పి చూస్తే లేత నీలపు దారమూ లేదు, లేత ఆకుపచ్చ దారమూ లేదు. తెల్ల పోగులు నీలం పట్టీని దాటిన చోట ఒకటి, ఆకుపచ్చ పట్టీని దాటిన చోట మరొకటి పుట్టాయి. మిగిలినవి నాలుగు. భూతద్దం పెట్టి ఆకుపచ్చ పట్టీ మధ్యకు వస్తే తెల్ల పోగులు కొన్ని, వాటికి ఇరుపక్కలా నల్ల పోగులు కొన్ని. ఫోర్బ్స్ అని రాసేయడానికి చెయ్యి ఉబలాటపడుతుంది. కాని మెకంజీ నమూనాలో కూడా ఆకుపచ్చ భాగం సరిగ్గా ఇలాగే, తెల్లగీతా దానికి నల్లని అంచులతోనే ఉంటుంది. నీలం పట్టీ మధ్యలో ఎర్రగీత ఉన్నదా లేదా అన్నది చూడకుండా రెండింటినీ వేరు చేయలేరు. చేతిలోని ముక్కలో నీలం పట్టీ సగంలో తెగిపోయి ఉంటే ఆ ప్రశ్నకు జవాబు ఆ గుడ్డలో లేనట్టే. అందుకే సెట్ పూర్తిగా ఒకసారైనా ఇమిడి ఉండని చిన్న ముక్కను చూచి పేరు చెప్పడం సాహసమే అవుతుంది, అనుభవజ్ఞులు కూడా అక్కడ రెండు మూడు పేర్లు రాసి ఊరుకుంటారు.

వరుస, లెక్క కుదిరినా రంగులు కుదరని సందర్భం ఇంకొకటి ఉన్నది, అది నేయించేవాడి ఇష్టం వల్ల వచ్చేది. ఒకే టార్టన్‌ను మిల్లులు వేరువేరు ఛాయలలో నేస్తాయి. విలియం హెన్రీ పెర్కిన్ 1856లో మొదటి కృత్రిమ రంగును కనిపెట్టిన తరువాత వచ్చిన గాఢమైన రంగులతో నేసిన దానిని మోడరన్ అనీ, పాత చెట్టు రంగుల లేతదనాన్ని అనుకరించిన దానిని ఏన్షంట్ అనీ, ఎండావానలకు వెలిసిపోయినట్టు నేసిన దానిని వెదర్డ్ అనీ అంటారు. ఇవి కాలాన్ని సూచించే పేర్లు కావు, ఛాయను సూచించే పేర్లు మాత్రమే. నిన్న నేసిన బట్ట కూడా ఏన్షంట్ అనిపించుకోగలదు. మోడరన్‌లో రక్తవర్ణంలో ఉన్న ఎరుపు ఏన్షంట్‌లో నారింజకు దగ్గరగా కనకాంబరం రంగులోకి దిగుతుంది. నీలం ఆకాశవర్ణం అవుతుంది. వెదర్డ్‌లో నీలం బూడిద రంగుగానూ ఆకుపచ్చ గోధుమ రంగుగానూ మారిపోతుంది. గోధుమ, బూడిద, కనకాంబరం అని రాసుకుని వెదికినవారికి నీలం, ఆకుపచ్చ, ఎరుపు అని నమోదైన టార్టన్ ఎన్నటికీ కంటబడదు. ఈ చిక్కుకు మందు, రంగును దాని స్వంత పేరుతో కాక, ముదురు లేతల హోదాతో చదవడం: ఈ బట్టలో ఎరుపు స్థానంలో నిలబడినది ఏది, నీలం స్థానంలో నిలబడినది ఏది అని ముందు అడిగి, ఆ తరువాత పోగుల నిష్పత్తి చూడడం.

వెలుతురు విషయంలో బెంగళూరు బట్టల వ్యాపారులకు ఎవరూ పాఠం చెప్పనవసరం లేదు. ట్యూబులైటు కింద ఒకటిగా కనబడిన రెండు రంగులు పగటి వెలుగులో వేరుగా కనబడడాన్ని రంగుల శాస్త్రంలో మెటామెరిజం అంటారు. వాడిన రంగు పదార్థాలు వేరైనప్పుడు అవి కాంతిని తిప్పికొట్టే తీరు కూడా వేరై, దీపం మారగానే ఆ తేడా బయటపడడమే దీనికి కారణం. రవికె గుడ్డను చీరకు సరిచూసుకోవడానికి కొనుగోలుదారు దాన్ని పట్టుకుని వీధిలోకి వచ్చే అలవాటు వెనుక ఉన్నది ఇదే శాస్త్రం. టార్టన్‌ను చదివేటప్పుడు కూడా నేరుగా ఎండ పడని పగటి వెలుగే మేలు, సెల్‌ఫోను ఫొటో మీద ఆధారపడడం కీడు, ఎందుకంటే ముదురు నీలాన్నీ నలుపునూ కలిపివేయడంలో ఫోను కెమెరాకు సాటి లేదు. పాత బట్ట అయితే పైవైపు వెలిసిపోయి ఉంటుంది కనుక, ఎండ తగలని మడత లోపలి రంగునే ప్రమాణంగా తీసుకోవాలి.

కంటితో తేలని రంగును ప్రయోగశాల తేల్చిన సందర్భాలలో గ్లెన్ ఆఫ్రిక్ టార్టన్ కథ ప్రసిద్ధమైనది. స్కాట్లండు ఉత్తర పర్వత ప్రాంతంలోని గ్లెన్ ఆఫ్రిక్ అనే లోయలో బురద మట్టి పొరలలో 1980లలో దొరికిన, మూరెడు కన్నా కాస్త పెద్దదైన ఉన్ని గుడ్డ ముక్క అది. మట్టిలో ఊరి ఊరి అంతా గోధుమవన్నెకు తిరిగిపోయింది. రంగు పదార్థాల పరీక్షలో పచ్చదనానికి ఆధారమైన నీలి జాడ దొరికింది గాని కృత్రిమ, అర్ధకృత్రిమ రంగుల జాడ దొరకలేదు; అంటే అది 1750ల కన్నా పాతదని తేలింది. తరువాత కార్బన్ కాల నిర్ణయం చేయగా 1500కూ 1600కూ మధ్యనాటిదై ఉండే అవకాశం ఎక్కువని వచ్చింది, దానితో స్కాట్లండులో ఇంతవరకు దొరికిన నిజమైన టార్టన్‌లలో అతి పాతదిగా 2023లో డండీ నగరపు మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. అయినా అది ఏ వంశపు టార్టన్ అన్న ప్రశ్నకు చోటే లేదు, ఎందుకంటే వంశానికొక గళ్ళ నమూనా అన్న ఏర్పాటు ఆ కాలానికి ఇంకా పుట్టలేదు.

రంగు పదార్థం ఏదో తెలిసినంత మాత్రాన అది ఏ దేశానిదో తెలియదన్నది కూడా గమనించదగ్గది. ఐరోపాలో నీలానికి వాడిన వోడ్ అనే మొక్కలోనూ, భారతదేశపు నీలిమందు మొక్కలోనూ చివరకు దారానికి పట్టేది ఒకే రసాయనం. కోరమండల తీరంలో ఎరుపుకు పేరెన్నికగన్నది చిరివేరు. నేటి నిజాంపట్నం ప్రాంతపు చిరివేరు కోసం 17వ శతాబ్దపు డచ్చి, ఇంగ్లీషు వర్తకులు పోటీపడేవారు. ఆ వేరులోని అలిజరిన్ అనే పదార్థాన్ని 1868లో జర్మన్ శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో తయారుచేయడంతో ఆ వేరు సాగు క్రమంగా మూలబడింది. 1897లో కృత్రిమ నీలిమందు బజారుకు రావడంతో నీలి తోటలకూ అదే గతి పట్టింది. గళ్ళ బట్ట వయసు కట్టేవారికి ఈ మూడు సంవత్సరాలు, 1856, 1868, 1897, చేతికి అందే మైలురాళ్ళు.

స్కాట్లండు వారికీ బెంగళూరుకూ ఉన్న సంబంధం చిన్నది కాదు. 1791 మార్చిలో కార్న్‌వాలిస్ సేన టిప్పు సుల్తాను అధీనంలోని బెంగళూరు కోటను ముట్టడించి పట్టుకున్నప్పుడు అందులో 71వ, 72వ హైలాండ్ పటాలాలు ఉన్నాయి. ఆ రెండింటినీ మొదట సమీకరించినవారు మెకంజీ వంశస్థులే. తరువాతి కాలంలో కంటోన్మెంటులోని స్కాటిష్ సైనికుల ప్రార్థనల కోసం కబ్బన్ రోడ్డులో సెయింట్ ఆండ్రూస్ చర్చికి 1864లో పునాదిరాయి పడింది. ఇంత చరిత్ర ఉన్నది కదా అని బెంగళూరులో దొరికిన ప్రతి నీలం ఆకుపచ్చ గళ్ళ దుప్పటినీ హైలాండ్ సైనికుడికి అంటగట్టడం తొందరపాటే. ఉష్ణదేశపు కొలువులో ఆ పటాలాలు కిల్టులనే గళ్ళ పావడాలు పక్కనపెట్టి పంట్లాములు తొడుక్కోవడం సాధారణంగా జరిగినదే. మైసూరు రాజ్యాన్ని సర్వే చేసి, తెలుగువారైన కావలి సోదరుల సాయంతో దక్షిణదేశపు కైఫియతులు సేకరించి, 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ కూడా పుట్టుకచేత మెకంజీల సీమవాడే, లూయిస్ ద్వీపంలోని స్టోర్నవేలో పుట్టాడు. ఆ ఇంటిపేరును బట్టి ఆయన ఒంటిమీద ఏ గళ్ళు ఉండేవో ఊహించడం మాత్రం చరిత్ర అనిపించుకోదు.

మద్రాసు గళ్ళు స్కాట్లండు సైనికుల టార్టన్‌ను చూచి నేర్చుకున్నవేనని తరచు వినబడే మాటను కూడా కొంత జాగ్రత్తగానే తీసుకోవాలి. గళ్ళ రుమాళ్ళు అంతకు చాలా ముందునుంచే కోరమండల రేవుల నుంచి ఓడలెక్కుతున్నాయి. 20వ శతాబ్దంలో రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ పేరుతో చీరాల, పేరాల, వేటపాలెం ప్రాంతాల మగ్గాల మీద నేసిన గళ్ళ బట్ట పశ్చిమ ఆఫ్రికాకు, ముఖ్యంగా నైజీరియాకు పోయేది. అక్కడి నైజర్ నది ముఖద్వారంలోని కలబారి జాతివారు ఆ బట్టను ఇంజిరి అని పిలుచుకుని పుట్టుక నుంచి చావు వరకు ప్రతి కార్యానికీ వాడతారు. అంతటితో ఆగక, వారి స్త్రీలు బ్లేడుతో గళ్ళలోని కొన్ని పోగులను కోసి, లాగి, తీసివేసి, ఉన్న నమూనాలోనుంచే వేరొక నమూనాను పుట్టిస్తారు. దీనికి పెలెటె బిటె అని పేరు. జోన్ ఐకర్, తోన్యె ఎరెకోసిమా అనే పరిశోధకులు 1980లలో దీనిని వివరంగా అధ్యయనం చేశారు. చీరాలలో నేసిన వరుసనుంచి తెల్ల పోగులు కలబారి ఇంట్లో మాయమైతే, రంగులను బట్టి ఆ బట్ట జన్మస్థానం చెప్పడం ఎవరి తరమూ కాదు. పోగు తీసిన చోట మిగిలిన సందు ఒక్కటే అక్కడ ఒక రంగు ఉండేదని చెబుతుంది.

రంగు నిలవకపోవడమే గుణంగా అమ్ముడైన గళ్ళు కూడా ఉన్నాయి. 1958 ప్రాంతంలో సి.పి. కృష్ణన్ నాయర్ అమ్మిన మద్రాసు గళ్ళ బట్టతో అమెరికాలోని బ్రూక్స్ బ్రదర్స్ కంపెనీ దుస్తులు కుట్టించగా, ఉతికిన ప్రతిసారీ రంగులు ఒకదానిలోకి ఒకటి దిగి కొనుగోలుదారులు గగ్గోలు పెట్టారనీ, ఆ లోపాన్నే ప్రత్యేకతగా చాటి బ్లీడింగ్ మద్రాస్ అన్న ప్రచారంతో వ్యాపారం నిలబెట్టారనీ వస్త్ర వాణిజ్యంలో చెప్పుకుంటారు. ఆ కృష్ణన్ నాయరే తరువాత హోటళ్ళ వ్యాపారంలోకి వచ్చి బెంగళూరు పాత ఎయిర్‌పోర్టు రోడ్డులోని లీలా ప్యాలెస్‌ను కట్టించాడు. అటువంటి బట్టకు పదేళ్ళ తరువాత రంగును బట్టి ఆనవాలు పట్టబోవడం వృథా, పోగుల లెక్క మాత్రం ఎన్ని ఉతుకులకైనా చెక్కుచెదరదు.

తెలుగువారి తేలియా రుమాలు ఈ లెక్కకు కూడా లొంగదు. చీరాలలో పుట్టి నేడు తెలంగాణలోని పుట్టపాకలో బతుకుతున్న ఈ నేతలో దారాన్ని నూనె, ఆముదపు కాయల బూడిద కలిపిన నీటిలో పదేపదే నానబెట్టి, నేయకముందే పోగులను ముడులు కట్టి రంగులో ముంచుతారు. ఎరుపు, నలుపు, తెలుపు చదరాలు చూడడానికి గళ్ళలాగే ఉన్నా, అవి వేరువేరు రంగుల దారాలు దాటుకోవడం వల్ల వచ్చినవి కావు. ఒకే పోగు తన పొడుగునా రంగు మారుతూ పోవడం వల్ల వచ్చినవి. గడి అంచు కత్తితో కోసినట్టు కాక కొద్దిగా చెదిరి ఉండడమే దాని గుర్తు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. టార్టన్ విషయంలో పేరు నమూనాకు వస్తే, ఇక్కడ పేరు ఊరికీ పద్ధతికీ వచ్చింది. ఏ గడి ఎంత వెడల్పు ఉండాలన్నది నేతగాడి చేతిలోనే మిగిలింది. ఇది మెరుగైన ఏర్పాటని చెప్పడానికి సందేహించనవసరం లేదు.

ఎందుకంటే టార్టన్‌ల వంశనామాలలో చాలావాటికి వయసు తక్కువ. 1746 నాటి చట్టం సైన్యంలో తప్ప హైలాండ్ పురుషులకు టార్టన్ వేషాన్ని నిషేధించింది; అది 1782లో రద్దయ్యేనాటికి పాత జ్ఞాపకం చాలావరకు చెదిరింది. బానక్‌బర్న్ ఊరి విల్సన్ నేత సంస్థ 1819లో కూర్చిన నమూనాల పుస్తకంలో కొన్ని టార్టన్‌లకు వంశనామాలుంటే, మరికొన్నింటికి కేవలం అంకెలు. సోబియెస్కీ స్టువర్ట్‌లమని చెప్పుకున్న అన్నదమ్ములు 1842లో ప్రాచీన రాతప్రతి దొరికిందంటూ అచ్చువేసిన వెస్టియారియం స్కోటికం అన్న పుస్తకం కల్పితమని తరువాత రుజువైంది గాని, అందులోని నమూనాలు మాత్రం వంశాల టార్టన్‌లుగా నేటికీ చెలామణీలోనే ఉన్నాయి. బ్లాక్ వాచ్ నమూనానే కాస్త లేత ఛాయలలో నేసి ఇతర వంశాల పేరుతో అమ్మడం మామూలే. కనుక ఒక బట్టకు పేరు దొరికిందంటే, ఆ లెక్క ఫలానా పేరుతో నమోదై ఉన్నదని మాత్రమే అర్థం. దానిని కట్టుకున్నవారు ఆ వంశస్థులని అర్థం కాదు.

పీణ్యా, బొమ్మనహళ్ళి కుట్టు కర్మాగారాలలో నేడు విదేశీ కంపెనీల కోసం కుట్టే గళ్ళ చొక్కాలకు చాలావాటికి పేరే ఉండదు, ఆర్డరు సంఖ్య ఒక్కటే ఉంటుంది. వాటిని ఏ రిజిస్టరులో వెదికినా ఫలితం ఉండదు. కబ్బన్‌పేటలోనూ దొడ్డబళ్ళాపురంలోనూ మగ్గం ఎరిగిన తెలుగు, కన్నడ నేత కుటుంబాలవారు ఇప్పటికీ ఉన్నారు. పోగులు లెక్కపెట్టడంలో వారిని మించిన సహాయకులు నగరంలో దొరకరు. ఇళ్ళలో పాత ఉన్ని దుప్పట్లు, శాలువలు, రుమాళ్ళు ఉన్నవారు వాటిని సబ్బుతో ఉతకకుండా, కుచ్చులు కత్తిరించకుండా, లేబులు ఉంటే ఊడదీయకుండా ఉంచి, సెట్ ఒకసారి పూర్తిగా కనబడేటట్టు పక్కన స్కేలు పెట్టి పగటి వెలుగులో ఫొటో తీసి, ఆ ఫొటోతో పాటు పోగుల లెక్కనూ, ఆ బట్ట ఇంటికి ఎవరి ద్వారా ఎప్పుడు వచ్చిందో తెలిసినంత వరకూ ఒక కాగితం మీద రాసి అదే పెట్టెలో భద్రపరచవలసిందిగా మనవి.